జేజి పన్ను, నా మొదటి సూది

ఆ రోజుల్లో మా వైపు పన్ను పీకించుకోవాలంటే నలుగురు మనుషులు కావాలి. ఇద్దరు భుజాలు పట్టుకోవాలి, ఒకడు తల పట్టుకోవాలి, నాలుగోవాడు మోకాలు రొమ్ము మీద ఆనించి పటకారుతో లాగాలి. అరుపును బట్టి పన్ను ఎంత లోతుగా ఉందో వీధిలోవాళ్లు అంచనా కట్టేవారు. నొప్పి లేకుండా పన్ను ఊడుతుందంటే నమ్మేవాడు లేడు. నమ్మించి తీరాలని ఉబలాటపడే మొనగాణ్ణి నేనొక్కణ్ణే. మద్రాసులో ఎల్.ఎం.పి. అనే డాక్టరు చదువు ముగించి మా జిల్లాలోనే ఒక మిషన్ ఆసుపత్రిలో చేరి మూడు నెలలైంది. స్టెతస్కోపు పడుకునేటప్పుడు కూడా తీసేవాణ్ణి కాదు (అబద్ధం. తీసేవాణ్ణి, కానీ చేతికందేట్టు పెట్టుకునేవాణ్ణి).

అక్కడి పెద్ద డాక్టరు ఒక దొరసాని. తెలుగు బాగా మాట్లాడేది, కోపం వస్తే ఇంకా బాగా. నొప్పి తెలియనీయని నోవొకెయిన్ మందును దవడలోకి సూదితో ఎక్కించడం ఆమే నాకు నేర్పింది. ప్రతిసారీ ఒకటే పాఠం. సూది గుచ్చాక పిస్టన్ కాస్త వెనక్కి లాగి చూడు, రక్తం వస్తే రక్తనాళంలో ఉన్నావు, బయటికి తియ్యి. మెల్లగా ఎక్కించు. రోగిచేత మాట్లాడిస్తూ ఉండు. చెవుల్లో హోరంటున్నా, మాట తడబడినా, చేతులు వణికినా ఆపెయ్యి. మందు రక్తంలో పడితే మెదడుకు పోతుంది, గుండెకు పోతుంది, మనిషే పోతాడు. ఈ పాఠానికి చివర ఇంకో వాక్యం కూడా ఉండేది. దాని సంగతి తర్వాత చెబుతాను.

"ఇక నువ్వొక్కడివే చెయ్యి" అని ఆమె అన్న వారంలోనే మా జేజి వచ్చింది. జేజి అంటే మా నాన్న తల్లి. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. బేతంచెర్ల పక్కన మా పల్లెలో చర్చి ఆడవాళ్లకు ఆమె మాటే మాట. వెంట ఆరుగురిని తెచ్చింది, ఆరుగురికీ పుచ్చిపళ్లే. ముందు జేజి కూర్చోవాలి, జేజి బాగుంటే వీళ్లు కూర్చోవాలి, లేకుంటే సాయంత్రం రైలుకు అందరూ ఇంటికి. ఇదీ ఒప్పందం. ఆరు దవడలూ నా పరువూ జేజి పన్ను మీద ఆధారపడ్డాయి.

"నొప్పి తెలీకుండా పీకుతానంటావు. మరి ఆ నొప్పి యాడికి పోతాది రా?" అంది కుర్చీలో కూర్చుని.

"టేసన్లో తంతి తీగ చూసినావు కదా జేజీ. పన్ను కాడి నుంచి తలకాయకు అట్లాంటి తీగే ఉండాది. ఈ మందు గంటా రెండు గంటలు ఆ తీగను పని చేయనీదు. ఈడ కొట్టిన తంతి ఆడికి చేరదు."

జేజి పుచ్చిన పంటిని నాలుకతో తడుముకుంది. "అట్లయితే నొప్పి ఉంటాది. నాకు చెప్పరు, అంతే కదా?"

నేను నవ్వాను. పోతూ పోతూ గుమ్మంలో ఆగిన దొరసాని నవ్వలేదు.

సూది ఎక్కించడం మొదలుపెట్టాను. మాట్లాడించమన్నారు కదా, మా జేజి విషయంలో ఆ శ్రమే లేదు. నోట్లో సూది ఉన్నా గొంతులోంచే గొర్రెల సంగతి, పాదిరిగారి ప్రసంగం పొడవు, మా చిన్నాన్న సోమరితనం అన్నీ సాగుతున్నాయి. సగం మందు పోయేసరికి ఠక్కున ఆగిపోయింది. కళ్లు మూతపడ్డాయి. ఇరవై నాలుగేళ్లలో నేను జేజి మౌనం చూసింది అదే మొదలు. సూది లాగేసి, "జేజీ! మాట్లాడు జేజీ! చెవుల్లో హోరుమంటాందా?" అని భుజాలు పట్టి ఊపాను.

ఆమె ఒక కన్ను తెరిచింది. "ప్రార్థన చేసుకుంటాండా. నోరు మూసుకోరా."

మిగతా మందు ఎక్కించి, పెదవి మొద్దుబారాక పటకారు పట్టాను. "లాగుతాండావు, తెలుస్తాండాది!" అని అరిచింది. పటకారు ఆపేశాను. "నొప్పా?" "నొప్పి కాదురా, లాగేది తెలుస్తాండాది." (తర్వాత దొరసాని చెప్పింది, ఒత్తిడి తెలుస్తుంది, నొప్పి మాత్రమే తెలియదని. ముందే చెప్పి ఉంటే నాకొక చెమట తగ్గేది.) పన్ను వచ్చింది. రెండు వేర్ల పెద్ద పన్ను. ఆరుగురు ఆడవాళ్లు "అబ్బా!" అన్నారు. నేను దాన్ని పళ్లెంలో పెట్టుకుని వార్డంతా తిప్పి చూపించి వచ్చాను. ఆ ఊరేగింపులోనే పాఠం చివరి వాక్యం మరిచిపోయాను: మొద్దు వదిలేదాకా ఏమీ నమలనీయొద్దు.

మా వైపు ఏ పెద్ద పని అయినా ముగిసిందంటే ఆకు వక్క వేసుకున్నాకే. జేజి వరండాలో కాళ్లు చాపుకుని, పంటి గుంతలో పెట్టిన దూది తీసి అవతల పడేసి, సంచి విప్పి, సున్నం రాసి, ఆకు మడిచి రెండో దవడన పెట్టింది. నమిలింది. ఆకుతో పాటు తన కింది పెదవినీ నమిలింది. నొప్పి లేదు కనక ఆమెకు తెలియదు. ఉమ్మి ఎర్రగానే ఉంటుంది కనక చూసేవాళ్లకూ తెలియదు. గంటసేపు నా గొప్పతనం పొగుడుతూ, నములుతూ, ఉమ్ముతూ కూర్చుంది. అటు వచ్చిన దొరసాని ఆమె గడ్డం చూసి ఆగింది. పెదవి తిప్పి చూస్తే లోపలంతా నుజ్జు, పైన సున్నం.

"ఏమైందమ్మా? నొప్పేం లేదే" అంది జేజి సంతోషంగా.

దొరసాని దూదీ మందుసీసా నా చేతిలో పెట్టి పక్కకు జరిగింది. దానికన్నా తిడితే బాగుండేది. పెదవి కడిగి నేనే మందు రాశాను. మొద్దు వదిలేకొద్దీ జేజి కళ్లలో నీళ్లు నిండాయి. నన్ను పెంచిన మనిషి పెదవిని నా డంబంతో నుజ్జు చేశాను. ఎక్కడికైనా పారిపోదామనిపించింది. "నొప్పి అనే కాపలాకుక్కను తోలేసి పోతివి కదరా" అంది, వాచిన పెదవితో అర్థమయ్యీ కాకుండా. అవతల ఆరుగురు ఆడవాళ్లు మూటలు కట్టుకుంటున్నారు.

అప్పుడు జేజి లేచింది. మాట్లాడలేక, ఆ ఆరుగురిలో ముందున్న ఆడమనిషి రెక్క పట్టి తీసుకొచ్చి నా కుర్చీలో కుదేసింది. ఆమె నడుముకున్న ఆకువక్క సంచి ఊడదీసి తన కొంగులో కట్టుకుంది. తర్వాత నా వైపు తిరిగి, కానీయ్ అన్నట్టు తలాడించింది. ఆరు సంచులూ సాయంత్రందాకా ఆమె కొంగులోనే ఉన్నాయి.

మొన్న నాకూ ఒక పన్ను తీశారు. డాక్టరమ్మ నా మనవరాలి ఈడు పిల్ల. పని అయ్యాక, "రెండు గంటలు ఏమీ నమలకండి తాతగారూ" అని ఒకటికి రెండుసార్లు చెప్పింది. నాకు ఆకు వక్క అలవాటే లేదు. అయినా మొద్దుబారిన పెదవిని వేలితో తడిమి చూసుకున్నాను. అద్దంలో వంకర మూతి ముసలాయన ఎవరో నవ్వుతున్నాడు, కళ్లు తుడుచుకుంటూ.

"నొప్పిగా ఉందా?" అని ఆ పిల్ల కంగారుపడింది.

"ఉంటాది తల్లీ. నాకు చెప్పడం లేదు, అంతే" అన్నాను.