బి అంటే ఖరాబు కాదు

ఈ పొద్దున నా కుడి చెయ్యి భుజం దాటి పైకి లేవలేదు. అక్క కూతురికి ఫోన్ చేస్తే, ఫోన్‌ని కిటికీలో నిలబెట్టి, చొక్కా విప్పి గోడ పక్కన నిలబడమంది. బెంగళూరులో ఫిజియోథెరపీ మూడో ఏడు చదువుతోంది లెండి. "గోడ మీద వేళ్లతో ఎక్కు మామా. ఇంకా పైకి. నోరు కాదు, చెయ్యి లేపు" అని గదమాయించింది. పక్కన ఎవరో ఆడపిల్లలు కిసుక్కున నవ్వారు. "ఈయనేనే ఆ మామ" అని ఆమె వాళ్లతో అనడం నాకు వినబడింది. తను కాలేజీలో చేరిన రోజు గురించి ఆమె చెప్పే కథలో నేను ఒట్టి నవ్వులాట మనిషిని. నాకు గుర్తున్న ఆ రోజులో మాత్రం నవ్వు చాలా తక్కువ.

నేను ఏడో తరగతితో బడి మానేశాను. లెక్కల అయ్యవారికీ నాకూ కుదిరిన రాజీ అది, ఇద్దరమూ సుఖపడ్డాం. తర్వాత గొర్రెలు కాశాను, శెనక్కాయలు పీకాను, ఆఖరికి క్యాతగానచెర్లులో మా పొలాల మీద సోలార్ పలకలు పరిచాక వాటినే కడిగే పనిలో చేరాను. ముఖం చూసుకోవడానికి ఇంత పెద్ద అద్దం జిల్లాలో ఇంకెవరికీ లేదని అందరితో అంటుంటాను. ఆ సోలార్ పార్కు రాకముందు సర్వేయర్లు భూముల లెక్క రాసిన పహణి పట్టుకుని వచ్చి మా నేలంతా కొలిచారు. వాగు వారన మా నాయన రాళ్లేరి చదును చేసుకున్న మడి దగ్గర ఆగి, "ఇది బి ఖరాబప్పా, సర్కారుది. మీ కిందికి రాదు" అన్నారు. ఎ ఖరాబంటే పంట పండని నేల, పండకపోయినా మనదే. బి ఖరాబంటే వాగూ దారీ, ఎన్నేళ్లు దున్నినా మనది కాదు. మా నాయన ఆ గట్టు మీద కూర్చుని చాలాసేపు లేవలేదు. ఇంగ్లీషు అక్షరాలు నాకు వచ్చినవే కొన్ని, వాటిలో ఈ బి మీద ఆ రోజే పగ పట్టాను.

ఇక పిల్ల సంగతి. ఆమె పదో తరగతిలో ఉండగా మా అక్క మిద్దె మెట్ల మీద జారి మోకాలు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పాక చూస్తే కాలు కర్రలా బిగిసిపోయింది. పావగడలో ఒక ఫిజియోథెరపీ అమ్మాయి రోజూ ఆ కాలిని కొంచెం కొంచెం వంచేది. మా అక్క ఆ అమ్మాయి వంశాన్నంతా తిట్టేది, ఆ అమ్మాయి "ఇంకో పది సార్లమ్మా" అనేది. పిల్ల పక్కనే నిలబడి రెప్ప వెయ్యకుండా చూసేది. అక్క మొదటిసారి పీట మీద కూర్చోగలిగిన రోజున, "నేనిదే చదువుతా" అంది.

పీయూసీలో, అంటే ఇంటర్లో, చేర్పించే రోజుకి బావ లారీతో ఎక్కడో ఉన్నాడు, అక్క ఇంకా కుంటుతోంది. కాబట్టి సంతకం పెట్టే పెద్దమనిషిని నేనే అయ్యాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో పెన్ను కూడా పెట్టుకున్నాను. పావగడ కాలేజీలో పిల్ల జెరాక్స్ కోసం బయటికి పరుగెత్తుతూ, "ఏమన్నా అడిగితే నేనొచ్చే దంకా ఉండు మామా" అంది. కౌంటరు ముందు నా వంతు వచ్చింది. వెనక జనం తోస్తున్నారు.

"పీసీఎంబీనా, పీసీఎంసీనా?" అన్నాడు క్లర్కు తలెత్తకుండా.

"సీ అంటే ఏంది సార్?"

"కంప్యూటర్. బిరీన చెప్పప్పా."

బీ అంటే ఏమిటని నేను అడగలేదు. నాకు తెలుసు కదా! "బీ మాకొద్దు సార్, మా కొంపలో ఒగ బీ చాలు. సీ రాసుకోండి" అన్నాను. వెనక ఇద్దరు నవ్వారు. నేనింకా మురిసిపోయి సంతకం పెట్టాను. పిల్ల వచ్చి అడిగితే, "అంతా అయిపోయినాదిలే" అన్నాను.

క్లాసులు మొదలైన రోజు నేను పలకలు కడుగుతుంటే ఫోన్ వచ్చింది. "మామా, నా పేరు సీ లిస్టులో ఉండాది. ఏం రాయించినావు నువ్వు?" చెప్పాను. "బీ అంటే బయాలజీ మామా. అది చదవకపోతే ఫిజియోథెరపీకి అప్లికేషన్ కూడా తీసుకోరు. మార్చుకునేకి ఈ పొద్దే ఆఖరు, నాలుగు గంటల లోపల."

పైపు అక్కడే పడేసి బండెక్కాను. పావగడ కొండ ఎంతసేపటికీ దగ్గరికి రాలేదు. క్లర్కు నన్ను గుర్తుపట్టాడు. "బీలో సీట్లు నిండినాయి. బీలో ఉండే వాళ్లెవరన్నా సీకి వస్తే, ఇద్దరి పెద్దోళ్లూ సంతకం పెడితే, మారుస్తా. లేదంటే వచ్చే యేడే" అన్నాడు. గోడ గడియారంలో మూడున్నర దాటింది. పిల్ల ఏడవలేదు, నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు ఊపిరాడేది.

బీ క్లాసులో అప్పటికే అడిగి వచ్చింది. ఒకే ఒక్క పిల్ల కంప్యూటర్ కావాలందట, వాళ్ల నాయన ఒప్పుకోడని భయమట. నాగలమడిక మనిషి, కూతుర్ని బస్సెక్కించడానికి బయట వేపచెట్టు కింద కూర్చుని ఉన్నాడు. ఇద్దరు పిల్లల్నీ వెంటబెట్టుకుని వెళ్లాను. ఎంత రాయినైనా నవ్వించగలనని నాకు పేరు. ఆయన ముందు నిలబడితే ఒక్క హాస్యమూ రాలేదు.

"నా బిడ్డ డాక్టరు కావల్ల. దాంట్లో మాట లేదు" అన్నాడాయన.

"అన్నా, నేను బీ అంటే బీ ఖరాబనుకొని, పిల్లను అడక్కుండా సంతకం పెట్టినా. మీరు నవ్వుకోండి, పర్వాలేదు. మీరూ అడక్కుండానే పెట్టినారేమో, ఒగసారి అడిగి చూడండి. బీనే కావాలంటే నేను పోతా."

ఆయన నవ్వలేదు. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. లోపల గంట కొట్టారు, ఎన్ని గంటలో లెక్కపెట్టడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆయన కూతురి వైపు తిరిగి, "నీకేం కావల్ల పాపా?" అన్నాడు.

ఆ పిల్ల కాలి బొటనవేలితో మట్టి గీస్తూ, "కంప్యూటర్ నాయనా. రక్తం చూస్తే నాకు కండ్లు తిరుగుతాయి" అంది.

"ఇన్నాళ్లూ చెప్పలేదే?"

"నువ్వడగలేదు."

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు. క్లర్కు తాళంచెవి చేతిలోకి తీసుకునే వేళకి కౌంటరు చేరాం. ఆయన వేలిముద్ర వేశాడు, నేను సంతకం పెట్టాను. ఈసారి ఏమి రాశారో మా పిల్ల చేత పైకి చదివించుకుని మరీ పెట్టాను. బీ దగ్గరికి రాగానే ఆమె కావాలనే గట్టిగా చదివింది.

ఆయనా ఆ కూతురూ మళ్లీ కనబడలేదు. కానీ వేపచెట్టు కింద ఆయన ఆ ఒక్క మాట అడగడానికి పట్టింది అర నిమిషం. నేను పిల్ల జెరాక్స్ తెచ్చేదాకా ఆగి, అడిగి ఉంటే, ఆ అడగడానికి నాకూ అంతే పట్టేది. కౌంటరు దగ్గర ఆ రోజు మిగుల్చుకున్న ఆ అర నిమిషాన్ని దేనికి వాడుకున్నానో, ఎంత ఆలోచించినా ఇప్పటికీ గుర్తుకు రావడం లేదు.