నా నోట బుచ్చమ్మ సాక్ష్యం

ఇన్నేళ్లుగా ఒక దొంగసొత్తును నోట్లో పెట్టుకొని తిరుగుతున్నాను. మింగలేదు, ఉమ్మలేదు. ఉదయం ప్రార్థనకు నోరు తెరిచినప్పుడల్లా నాలుకకు మొదట తగిలేది దాని రుచే. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మేలు. నన్ను గౌరవించేవారికి ఈ మాట చెప్పి ప్రయోజనం లేదు.

నేను బడిపంతులుగా పనిచేసి విరమించినవాణ్ణి. సంఘంలో పెద్దను. బాప్తిస్మము కోరి వచ్చేవారికి పాఠాలు చెప్పడం, ఆపై ప్రశ్నించి వారు యోగ్యులో కాదో తేల్చడం నా బాధ్యతగా ఉండేది. క్రమం నాకు ప్రాణం. రక్షణ అంటే ఏమిటని అడిగితే పాపపు ఒప్పుకోలు, మారుమనస్సు, విశ్వాసం, బాప్తిస్మము, పరిశుద్ధ జీవితం అని వరుస తప్పకుండా చెప్పాలి. తప్పినవారిని మళ్ళీ రమ్మనేవాణ్ణి.

కాని నాకే ఒక కొరత ఉండేది. మా సభల్లో ఎవరికి వారు లేచి, తాము ఎలా రక్షణ పొందారో సాక్ష్యం చెబుతారు. తాగుడు మానిన రోజును ఒకడు చెబుతాడు, చావు అంచు నుంచి తిరిగివచ్చిన రోజును ఒకామె చెబుతుంది. వినేవారు ఏడుస్తారు. నేను విశ్వాసుల ఇంట పుట్టి, నడక నేర్చినట్టే ప్రార్థన నేర్చినవాణ్ణి. చెప్పుకోవడానికి నాకు ఏ రోజూ లేదు. నా వంతు వచ్చినప్పుడు నాలుగు వచనాలు అప్పజెప్పి కూర్చునేవాణ్ణి. ముందు వరుసలో ఎవరో ఆవులించేవారు. ఆ ఆవులింతను నేను ఎందుకంత పట్టించుకున్నాను? దేవుని ఎదుట లేని లోటు మనుషుల ఎదుట ఎందుకు లోటైంది?

కొత్తగూడ అడవిలోని ఒక పల్లెకు పాఠాలు చెప్పడానికి వెళ్ళేవాణ్ణి. అక్కడ ఒక స్త్రీ బాప్తిస్మము కోరింది. ఆమెను బుచ్చమ్మ అంటాను. అసలు పేరు అది కాదు. రక్షణ అంటే ఏమిటని అడిగాను.

"గవన్నీ వరుసగ నాకు రావు సారు. మా తోటికోడలు మీద కడుపుమంటతోని, దాని పోడు చేన్ల మక్కల కుప్పకు నేనే అగ్గి వెట్టిన. ఎవలు జూడలే అనుకున్న. మల్ల ఎండకాలం తునికాకు కొయ్యవోయి వాగుల వడ్డ, కాలిరిగింది. గా తోటికోడలే నన్ను ఈపు మీదేసుకొని సడక్ దాక మోసింది. తొవ్వల నాకు నోరాగలే. 'అక్కా, నీ కుప్ప కాలవెట్టింది నేనేనే' అన్న."

"ఆమె ఏమన్నది?"

"'ఎర్కేనే. కదలకు, జారుతవ్' అన్నది." బుచ్చమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నేనేం జేసిన సారు? ఏం జెయ్యలే. ఈపు మీద ఊకున్న. రక్షణ అంటే గదే కాదా?"

నా జీవితంలో ఆ ప్రశ్నకు నేను విన్న సరైన జవాబు అదొక్కటే. అది నాకు ఆ క్షణంలోనే తెలిసింది. తెలిసి ఏమన్నాను? "జవాబు క్రమంలో లేదమ్మా. పాఠాలు మళ్ళీ విని రా" అన్నాను.

కొద్ది రోజులకు జనగామలో సభలు జరిగాయి. నా వంతు వచ్చింది. నోరు తెరిచాను, బుచ్చమ్మ కథ వచ్చింది. అడవి పోయి నర్మెట్ట పక్కన మా పొలమైంది. తోటికోడలు దాయాది అయ్యాడు, మక్కల కుప్ప వరికుప్ప అయింది. నా కాలు ఏనాడూ విరగలేదు. అయినా షామియానా కింద స్త్రీలు వెక్కివెక్కి ఏడ్చారు. ఒక ముసలాయన నా చేతులు పట్టుకొని కళ్ళకద్దుకున్నాడు. ఆ తడి నాకు హాయిగా ఉంది.

ఒక్కసారితో ఆగానా? లేదు. ఊరూరా పిలిచారు, ఊరూరా చెప్పాను. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఆగి నీళ్లు తాగాలో నేర్చుకున్నాను. వేదిక ఎక్కేటప్పుడు ఎడమకాలు కొంచెం ఈడ్చడం కూడా అలవాటు చేసుకున్నాను.

మరికొంత కాలానికి మహబూబాబాద్ సభలకు బుచ్చమ్మ వచ్చింది. పాఠాల వరుస నేర్చుకొనే వచ్చింది. మరునాడు ఆమెకు బాప్తిస్మము. అంతకుముందు సాక్ష్యం చెప్పాలి కనుక, తనకున్నది చెప్పడం మొదలుపెట్టింది. కుప్పకు నిప్పు అనేసరికి జనంలో నవ్వు పుట్టింది. "ఏందవ్వా, సారు సాక్ష్యం అప్పజెప్తున్నవా?" అని ఎవరో కేక వేశారు. ఆమె నా వైపు తిరిగింది. కోపం లేదు ఆ ముఖంలో. నేను చెబుతానని ఎదురుచూపు.

"సారు, మీకు జెప్పిన గద. జర చెప్పుండ్రి వీళ్లకు."

పాస్టరుగారు కూడా నా వైపే చూశారు. నేను లేచి, మైకు అందుకొని, శాంతంగా అన్నాను: "అమ్మా, రక్షణను అరువు తెచ్చుకోలేము. నీకంటూ ఒక అనుభవం కలిగిన తరువాత రా. అప్పటిదాకా బాప్తిస్మము ఆపుదాం."

అందరూ ఆమేన్ అన్నారు.

"మరి నాది యాడికి వోయింది సారు?" అని అడిగి, ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది. మళ్ళీ మా సంఘానికి రాలేదు. మరెక్కడైనా బాప్తిస్మము పొందిందో లేదో నాకు తెలియదు. నేను కనుక్కోలేదు.

ఇప్పుడు భూపాలపల్లిలో ఉంటున్నాను. మొన్న ఇక్కడి కూడికలో నన్ను సాక్ష్యం అడిగారు. ఎలా తెగించానో, ఊరూరా చెప్పిన ఆ కథ నాది కాదని, ఒక సోదరి అనుభవమని చెప్పేశాను. తరువాత స్తోత్రాలు మొదలయ్యాయి. "గింత తగ్గింపు మనసు ఎవలకుంటది సార్!" అంటూ పాస్టరుగారు నాకు శాలువా కప్పారు. కప్పడానికి వీలుగా నేను మెడ వంచాను. ఆ వంగిన మెడను తలచుకుంటే నా మీద నాకు కలిగే రోత ఇంతా అంతా కాదు. మహబూబాబాద్ సంగతి అక్కడ చెప్పలేదు మరి. చెప్పినంతవరకు ఘనతే వచ్చింది.

బుచ్చమ్మ ఇంటికి వెళ్ళి ఒప్పుకోవచ్చు కదా అంటారేమో. ఆమె క్షమిస్తుందని నా భయం. క్షమిస్తే దాన్ని కూడా ఏదో ఒక వేదిక మీద చెప్పుకుంటాను. నన్ను నేనెరుగుదును. నేను వరుస తప్పకుండా నేర్పిన ఆ రక్షణ నాకెప్పుడైనా కలిగిందా?

కనుక అక్కడ చెప్పక మిగిలిన ఆ సగాన్ని, పేరు లేకుండా, మీ ముందు పెడుతున్నాను. ఆనాడు మహబూబాబాద్ వేదిక మీద, ఆమె చెబుతున్నది నిజమని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. తెలిసే అబద్ధమన్నాను. రాశాను. అసహ్యం తగ్గలేదు. కాని ఆ సంగతి తెలిసినవాడు ఇక నేనొక్కణ్ణే కాదు.