లేని ఇంటికి దగ్గరి దారి

ఇళ్లు అద్దెకు, అమ్మకానికి చూపించే ఒక వెబ్‌సైటు ఆఫీసులో ఆయన ఉద్యోగం. ఏ బటను ఎక్కడుండాలి, ఏది నొక్కితే ఏ పేజీ తెరుచుకోవాలి, వెతికే మనిషి ఎక్కడ విసిగిపోయి వెళ్లిపోతున్నాడు, ఇవన్నీ చూసుకోవడం ఆయన పని. ఎవరికి కావలసిన ఇల్లు వాళ్లకి మూడు క్లిక్కుల్లో కనపడాలన్నది ఆయన పట్టుదల. అందుకే ఆఫీసులో ఆయన్ని మూడు క్లిక్కులాయన అంటారు. ఈ పేరు భార్యదాకా వెళ్లింది. కళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా గాలిస్తుంటే, "మూడు క్లిక్కులూ అయిపోయాయండీ, ఇక అద్దం చూసుకోండి" అంటుంది.

అంతకుముందు ఒక పెద్ద ఆసుపత్రిలో దారి చూపే బోర్డులు రాసేవాడు. ఎక్స్‌రే ఎటు, రక్తపరీక్ష ఎటు అని బాణాలు గీసేవాడు. జనం ఆ బోర్డుల కిందే నిలబడి దారి అడగడం చూసి, తప్పు జనానిది కాదు, బోర్డుదే అని తీర్మానించుకున్నాడు. వెబ్‌సైటుకి వచ్చాక కూడా అదే మాట. ఫొటోల మీదికి ప్రకటనలు ఎగబడకూడదని, ఫోను నంబరు ఇస్తేగానీ అద్దె ఎంతో చెప్పని పద్ధతి పోవాలని ఏళ్ల తరబడి పోట్లాడాడు. కొన్ని గెలిచాడు. చాలావరకు ఓడిపోయాడు.

కొత్త పేజీని జనంలోకి వదిలేముందు అక్కడ ఒక పరీక్ష పెడతారు. బయటివాళ్లని పిలిచి, చిన్న గదిలో కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, మీకు కావలసిన ఇల్లు వెతుక్కోండి, మనసులో ఏమనుకుంటున్నారో పైకి చెబుతూ ఉండండి అంటారు. ఒకవైపునుంచే కనపడే అద్దం అవతలి గదిలోంచి ఆఫీసువాళ్లు చూస్తూ, వింటూ ఉంటారు. ఆ పేజీలో ఉండేవి ఉత్తుత్తి ఇళ్లు. వేరేవాళ్లయితే నోటికొచ్చింది నింపి పారేస్తారు. ఈయన ఒప్పుకోడు. ఇల్లు నమ్మేలా లేకపోతే మనిషి వెతకడు, ఊరికే వేళ్లు కదిలిస్తాడు అంటాడు. అందుకని ఒక్కో ఇంటికీ కూర్చుని గదులు కల్పిస్తాడు, వంటగది కిటికీలోంచి ఏం కనపడుతుందో రాస్తాడు, ఎక్కడెక్కడి ఫొటోలో తెచ్చి అతికిస్తాడు.

ఈసారి పేజీలో ఒక చిన్న గడి కొత్తగా పెట్టించాడు: 'మెట్లు లేని ఇల్లు'. దానికోసం ఒక ఇల్లు కూడా కల్పించాడు. నేలకి సమంగా గుమ్మం, వెడల్పాటి తలుపులు, వెనక చిన్న వరండా.

పరీక్షకి వచ్చినవాళ్లలో ఒకావిడ బట్టలు కుట్టి సంసారం నడుపుతోంది. భర్త గోడలకి రంగులు వేసేవాడు; నిచ్చెన జారి పడ్డప్పటినుంచి చక్రాల కుర్చీలోనే. ఉంటున్న ఇల్లు పడగొట్టి కట్టుకుంటాం, నెలాఖరుకి ఖాళీ చేయమని ఇంటివాళ్లు చెప్పారు. ఈ ఆఫీసులో ఇళ్లు చూపిస్తారని తోటికోడలు అంటే వచ్చింది. ఇవి నమూనా ఇళ్లు మాత్రమేనన్న వాక్యం మొదట్లోనే ఆవిడకి వినిపించారు. రోజంతా అదే చదివే అమ్మాయి, కండక్టరు స్టాపుల పేర్లు అప్పగించినట్టు అప్పగించింది. ఆవిడ తలూపింది.

గడి నొక్కింది. ఇల్లు కనపడింది. ఆవిడ గొంతు మారడం అద్దం అవతల అందరికీ వినపడింది. తలుపు వెడల్పుంది, ఆయన కుర్చీ పడుతుంది అనుకుంది. మిషను వరండాలో వేసుకోవచ్చు అనుకుంది. తడుముకోకుండా 'యజమానితో మాట్లాడండి' నొక్కింది. అవతల టీమ్ లీడరమ్మ ఈయన భుజం తట్టింది.

కృతజ్ఞతలు చెబుదామని ఈయన గదిలోకి వెళ్లేసరికి ఆవిడ సంచి తగిలించుకుని నిలబడి ఉంది.

"తాళం ఎవరి దగ్గరుంటుంది సార్? ఇంకెవరికన్నా ఇచ్చేసేలోపు చూసొచ్చేస్తాను."

అలాంటి ఇల్లు లేదని ఒకసారి చెబితే ఆవిడకి అర్థం కాలేదు. మళ్లీ చెప్పాడు. అర్థమయ్యాక కూర్చుంది. కోప్పడలేదు.

"లేని ఇంటికి కిటికీలు కూడా పెట్టారే" అంది.

ఆ సాయంత్రం భార్యతో చెప్పుకున్నాడు. భార్య ఓదార్చలేదు. వెతికి పెట్టండి, మీ పని అదేగా అంది. వెతికాడు. కొత్త పేజీని అసలు ఇళ్లతో జనంలోకి వదిలాక, అందులో తను పెట్టించిన గడే తను నొక్కి, ఆఫీసు అయ్యాక స్కూటరు మీద ఇల్లిల్లూ తిరిగాడు. ఒక ఇంటాయన, రెండే మెట్లు, వాటినీ మెట్లంటారా అన్నాడు. ఇంకోటి ఎప్పుడో అద్దెకి పోయింది. జాబితా పెద్దదిగా కనపడాలని ఆఫీసువాళ్లే దాన్ని పేజీలోంచి తీయలేదు. ఒక్కచోట మాత్రం నిజంగానే గుమ్మం నేలకి సమంగా ఉంది. ఇంటావిడ మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టి, చక్రాల కుర్చీ మాట వచ్చేసరికి నేలవైపు చూసింది. "కొత్త టైల్సండీ. గీతలు పడతాయి. ఏమీ అనుకోకండి."

పోయిన ఇళ్లు తీసేద్దాం, మెట్లున్నాయో లేవో మనిషిని పంపి చూపిద్దాం అని ఆఫీసులో అడిగాడు. అవన్నీ తీసేస్తే చూపించడానికి ఏం మిగులుతుంది అంది టీమ్ లీడరమ్మ. ఆమె చెడ్డది కాదు. "వెతకడం సులువు చేయడం మన పనండీ. ఇళ్లు పుట్టించడం కాదు." ఆ వారమే అందరినీ పిలిచి, కుట్టుపని ఆవిడ పరీక్ష రికార్డింగు వేసి చూపించారు. ఆవిడ గొంతు మారినచోట ఆపి, ప్రతి కస్టమరు దగ్గరా మనకి కావలసింది ఇదీ అన్నారు. చప్పట్లు కొట్టారు. ఈయన చేతులు ఒళ్లోనే ఉండిపోయాయి.

నెలాఖరున ఆవిడ ఫోను చేసింది. మూడో అంతస్తులో రెండు గదులు దొరికాయి, లిఫ్టు లేదు, ఆ ఇంటివాళ్లొక్కరే కుర్చీ సంగతి విని కాదనలేదు. మోయడానికి మనుషులు చాలట్లేదు. "ఒక చెయ్యేస్తారా అన్నయ్యగారూ?"

వెళ్లాడు. ఆవిడ భర్త రంగులాయన్ని పాత దుప్పటితో కుర్చీకి కట్టి నలుగురు పట్టారు. ఈయనకి కింది వైపు వచ్చింది. మెట్లు ఇరుకు, మలుపు మరీ ఇరుకు. రంగులాయన దారి పొడుగునా గోడలు చూస్తూ, పాత పెచ్చులు గీకకుండా మీదే రంగు కొట్టేశారు, వెధవ పని అని గొణుగుతూ వచ్చాడు. రెండో అంతస్తు దగ్గర దించి ఊపిరి తీసుకుంటుంటే, అందరినీ చూసి మొహమాటపడ్డాడు.

"దించేటప్పుడు ఇంత అవస్థ ఉండదులెండి. దించేది ఒక్కసారే. దానికి పిలవకపోయినా వస్తారు జనం."

కుట్టుపని ఆవిడ, "నోరు మూసుకుని కూర్చో" అంది. మళ్లీ ఎత్తారు.

పైన కుర్చీ గుమ్మంలో పట్టలేదు. అటు తిప్పి, ఇటు తిప్పి, చివరికి మనిషిని చంకల కింద చేతులు పెట్టి లోపలికి మోసుకెళ్లి కిటికీ పక్కన పడుకోబెట్టారు. కుర్చీని ఏం చేయమంటారని ఈయన అడిగాడు. ఆవిడ గదులు రెండూ కలియచూసింది. బయటే పెట్టేయండి అంది. ఈయన దాన్ని మడిచి, మెట్ల మలుపులో ఎవరికీ అడ్డం రాకుండా గోడకి ఆనించాడు.