ఖాళీ జాగాలో పద్దెనిమిది రోళ్ళు

కోపమొస్తే హన్నమ్మ అరవదు. కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంటుంది. ఆ రోజు పద్మశ్రీ గారింటి డాబా మీద పటం చూస్తూ నాలుగుసార్లు తుడిచింది.

ఆ పటం రేగుల్లంకది. గోదావరి మధ్యలో ఒకప్పుడు నూట ముప్పై గడప ఉన్న ఊరు. ఎనభై ఆరు వరదకి మునిగింది. గట్టుకి ఇవతల కాలనీ కట్టించాక జనమంతా ఇటు వచ్చేశారు. ఇప్పుడక్కడ కాపురమున్నవి పాములూ, ముళ్ళకంపలూ. మిగిలిన నేలని కూడా ఏటి వరద ఏటా కాస్త కాస్త కోసుకుపోతోంది. అది పూర్తిగా పోకముందే ఏ ఇల్లు ఎక్కడుండేదో, ఎవరిదో రాసిపెట్టాలని కాలేజీలో చరిత్ర చెప్పే పద్మశ్రీ గారు పూనుకున్నారు. సెల్ ఫోన్ల షాపు నాగబాబు తోడయ్యాడు. ఫోన్లో కొలతలూ ఫోటోలూ అతని పని. మూడో మనిషి హన్నమ్మ. నర్సు ట్రైనింగు చదివి, కువైట్‌లో ఇరవై రెండేళ్ళు ఆసుపత్రి పని చేసి వచ్చిన మనిషి. పుట్టింది ఆ లంకలోనే. శనివారం శనివారం ముగ్గురూ పడవ ఎక్కేవారు. ఆదివారం హన్నమ్మ ప్రార్థన మానదు, పద్మశ్రీ గారు నిద్ర మానరు.

వాళ్ళకో నియమం ఉంది. పటంలో ఒక ఇల్లు ఎక్కాలంటే నేల మీద గుర్తు ఒకటి, తెలిసిన మనిషి సాక్ష్యం ఒకటి, రెండూ ఉండాలి. నియమం పెట్టింది పద్మశ్రీ గారే గానీ పట్టుబట్టేది హన్నమ్మ. సూరయ్య గారు తమకి మేడ ఉండేదని ఎంత మొత్తుకున్నా, ఒక్క ఇటుకైనా దొరకలేదని రాయనివ్వలేదు. పెద్దాయన అలిగి నెల్లాళ్ళు ఆవిడతో మాట్లాడలేదు.

అలాంటి పటంలో, ప్రార్థన మందిరం వెనకాల అంతా తెల్లగా వదిలేసి, పద్మశ్రీ గారు చక్కటి దస్తూరీతో "ఖాళీ జాగా" అని రాశారు.

"ఇది ఖాళీ కాదు మేడమ్ గారూ," అంది హన్నమ్మ. "ఇది మా పేట. పద్దెనిమిది ఇళ్ళు."

"గోడలేమీ కనిపించలేదు కదండీ."

"తాటాకిళ్ళకి గోడలెక్కడుంటాయండీ? మట్టి గోడలు వరదకే కరిగిపోయేయి."

పద్మశ్రీ గారి మొహం చిన్నబోయింది. మంచి మనిషి. అయితే ఆవిడ ఎరిగిన ఇళ్ళన్నీ ఇటుకవే. ఇటుకిల్లు కూలినా గుర్తు మిగులుస్తుంది, తాటాకిల్లు మిగల్చదని ఆవిడకి తట్టలేదు. హన్నమ్మకి కోపం అందుకు కాదు. ఆ పద్దెనిమిదింట్లో ఒకటి వాళ్ళమ్మది. బుజ్జమ్మ పేరు ఈ లోకంలో ఏ కాగితం మీదా లేదు. రేషన్ కార్డులో మొగుడి పేరే ఉండేది. వరదకి ఏడాది ముందు పోయింది. సమాధుల దొడ్డి ఏట్లో కలిసిపోయింది, సిలువ కూడా దక్కలేదు. ఈ పటంలో కూడా లేకపోతే, అమ్మ అసలు బతకనట్టే అవుతుందని హన్నమ్మ భయం.

ఆ రాత్రి అన్నం సయించలేదు. మర్నాడు ప్రార్థనలో ఫాదర్ గారు ఏం చెప్పారో ఒక్క ముక్క తలకెక్కలేదు గానీ, బయటికొచ్చి చెప్పులేసుకుంటుంటే తట్టింది. రోళ్ళు. తమవైపు ఇంటింటికీ రోలు నేలలో అంచు దాకా పాతి ఉండేది. ఊరు ఖాళీ చేసినప్పుడు గుమ్మాలు పీక్కుపోయారు, మంచాలు మోసుకుపోయారు, కోళ్ళని గంపల కింద పెట్టుకుపోయారు. రోలు ఎవరు మోస్తారు?

శనివారం మూడు గునపాలతో పడవ ఎక్కారు. ఒండ్రు మూరెడు మందాన పేరుకుంది. అడుగడుక్కీ గునపం దించుకుంటూ పోతుంటే, మధ్యాహ్నానికి నాగబాబు గునపం ఖంగుమంది. తవ్వితే నల్లటి రోలు, నోరు నిండా మట్టి. ముగ్గురూ దాని చుట్టూ కూర్చుని చేతులతో ఆ మట్టి తోడారు.

"ఒక ఇల్లండి," అన్నాడు నాగబాబు మెల్లగా.

నాలుగు శనివారాల్లో పదిహేడు రోళ్ళు తేలాయి. ఎవరివని తేల్చడానికి కాలనీ నుంచి పెద్ద ఆడవాళ్ళని పడవలో తీసుకెళ్ళారు. వయసైపోయిన మోకాళ్ళతో ఒక్కొక్కరే వచ్చి రోటిలో చెయ్యి పెట్టి తడిమేవారు. ఎవరి చేతి అరుగుదల వాళ్ళకి తెలుసు. లంకలో బుజ్జమ్మ పక్కింటి అచ్చమ్మత్త కూడా వచ్చింది, డెబ్బై అయిదేళ్ళ మనిషి. తన రోలు చూపించింది. అది బీట పడింది. "వరదకి ముందే పగిలింది లెండి," అని తల తిప్పేసుకుంది.

అచ్చమ్మ రోటికి ఎనిమిది అడుగుల దూరంలో, తూర్పున బుజ్జమ్మ ఇల్లు. అక్కడ రెండు శనివారాలు గుచ్చారు. వానపాములూ, పెంకు ముక్కలూ తప్ప ఏమీ రాలేదు. జూలై వచ్చేసింది. గోదావరి నీళ్ళు ఎర్రబడ్డాయి. ఇంకో వారంలో పడవలు ఆపేస్తారు.

"పదిహేడు ఇళ్ళు నిలబడ్డాయి కదండీ, పద్దెనిమిదోది కూడా రాసేద్దాం," అన్నారు పద్మశ్రీ గారు. "మీ మాట నాకు చాలు."

"వద్దండి. సూరయ్య గారికి లేదన్నదాన్ని, నాకెలా రాసుకుంటానండీ."

పడవ ఎక్కాక హన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎదురుగా కూర్చున్న అచ్చమ్మత్త ఆమె వంక చూసి, రేవు వచ్చేదాకా నీళ్ళ వంక చూస్తూ కూర్చుంది.

తెల్లారేసరికి అచ్చమ్మత్త హన్నమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"రావే హన్నమ్మా."

"ఎక్కడికత్తా, ఇంత పొద్దున్నే?"

"రమ్మంటే రా, ఆయ్. ప్రశ్నలెయ్యకు."

తన పెరట్లోకి తీసుకెళ్ళింది. అరుగు పక్కన నేలలో రోలు. గొప్ప నునుపు, లోపలంతా అద్దంలా అరిగి ఉంది. ఇంకా తడిగానే ఉంది, చింతపండు వాసన వేస్తోంది.

"మీ అమ్మదే," అంది అచ్చమ్మత్త. "నాది పగిలిపోయింది. మీ అమ్మ పోయింది, నువ్వు రాజమండ్రి హాస్టల్లో ఉన్నావు, ఇల్లు ఖాళీ. ఊరొదిలొచ్చేటప్పుడు మీ మావయ్యా నేనూ తవ్వి తీసి, దొర్లించుకుంటూ పడవ దాకా తీసుకెళ్ళేం. దొంగతనమే. నువ్వొచ్చి అడుగుతావని ఇన్నేళ్ళూ నిన్ను పెరట్లోకి రానివ్వలేదు. నిన్న నీ మొహం చూశాక నిద్దర పట్టలేదు."

హన్నమ్మ కళ్ళజోడు తీయలేదు. "గుంట ఏం చేశావత్తా?" అంది.

"గుంటలో పిల్లలు పడి కాళ్ళు విరక్కొట్టుకుంటారని విరిగిన కుండ పెంకులు పోసి పూడ్చేం."

పెంకు ముక్కలు. ఆ రెండు శనివారాలూ చెత్త చెత్త అని హన్నమ్మ తన చేత్తోనే తీసి విసిరేసినవి. నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపొచ్చింది. రోటి పక్కన కూలబడి, లోపలికి చెయ్యి పెట్టి, అమ్మ చెయ్యి తిరిగిన దారిలో తనూ ఒకసారి తిప్పి, ఆగకుండా ఏడ్చింది. అచ్చమ్మత్త ఆపలేదు. చెంబుతో నీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది.

ఆ శనివారం చివరి పడవ. అచ్చమ్మత్త చూపించిన చోట జాగ్రత్తగా తవ్వితే మిగిలిన పెంకులు గుండ్రంగా, రోలు ఎంత ఉంటుందో అంత మేర, పొరలు పొరలుగా కనబడ్డాయి. నేల మీద గుర్తు వచ్చేసింది. సాక్షి నడుం మీద చెయ్యేసుకుని పక్కనే నిలబడి ఉంది. నాగబాబు ఫోటోలు తీశాడు.

పద్మశ్రీ గారు బల్లచెక్క మీద పటం పరిచి పెన్సిల్ తీశారు. "ఇంటి యజమాని పేరండీ? అందరికీ మగవాళ్ళ పేర్లే రాశాం. మీ నాన్నగారి పేరు..."

హన్నమ్మ చెప్పబోయింది. నాన్న తనకి ఊహ తెలియకముందే పోయాడు, ఆ ఇంటికి యజమాని ఎవరో తనకి తెలుసు. కానీ తను నోరు తెరిచేలోపే అచ్చమ్మత్త ముందుకొచ్చింది.

"బుజ్జమ్మ అని రాయండి," అంది అచ్చమ్మత్త. "ఆ కిందనే నా పేరూ రాయండి. రోలు ఎవరెత్తుకుపోయేరో కూడా తెలియాలి కదండీ జనానికి."

పద్మశ్రీ గారు హన్నమ్మ వంక చూశారు. హన్నమ్మ తలూపింది. ఆవిడ "ఖాళీ జాగా" అన్న మాటని రబ్బరుతో పూర్తిగా తుడిచి, పద్దెనిమిదో గుర్తు పెట్టి, దాని పక్కన నెమ్మదిగా రాశారు. బుజ్జమ్మ ఇల్లు. రోలు అచ్చమ్మ గారింట్లో వాడుకలో ఉంది.