తారుమారు అత్తయ్య

పుస్తకాల గది అత్తయ్య తన జన్మలో ఒక్కరికైనా సరైన పుస్తకం ఇచ్చిన పాపాన పోలేదు. చర్చి మేడ మీద, గంట గూటి కింద, పొడవాటి గది ఒకటి ఉంది. అందులో గోడ నిండా ఆత్మీయ పుస్తకాలు. కుటుంబాలకు కొన్ని, యువతీయువకులకు కొన్ని, పసివాళ్లకు కొన్ని, పండుటాకులకు కొన్ని. ఏది ఎవరు చదవాలో అట్ట మీదే పెద్దక్షరాలతో అచ్చయి ఉంటుంది కనుక, చదువొచ్చినవాళ్లు పొరబడే వీలే లేదు. అత్తయ్య మాత్రం ప్రతి ఆదివారం, ఆరాధన ముగిసీ ముగియగానే, నిష్ఠగా పొరబడేది.

చర్చి గంట మోగించే, ఎనభై దాటిన గంట తాతకు ‘కాబోయే దంపతులకు మంచి మాటలు’ ఇచ్చింది. రేపో మాపో పెళ్లి కావలసిన ఆయన మనవరాలు ‘ముదిమిలో మనశ్శాంతి’ పట్టుకుని మెట్లు దిగింది. పాలపళ్లు ఊడుతున్న బుడతడికి ‘ఉద్యోగ విరమణ తరవాత దేవుని సేవ’. వాడి నాన్నమ్మకు రంగులు వేసుకునే బొమ్మల పుస్తకం. ఆవిడ అత్తయ్య మాట కొట్టెయ్యలేక, పాపం, వరండాలో కూర్చుని జలప్రళయపు ఓడలోని ఏనుగుకు రంగు వేయడం మొదలుపెట్టింది.

"అత్తయ్యా, ఇది నాది కాదేమో..." అని ఎవరైనా నసిగితే, ఆవిడ కళ్లు అరమోడ్చి, కిటికీ తెరకు చెప్పినట్టు చెప్పేది.

"ఇచ్చింది ఇచ్చిందే నాయనా. ఇంటికెళ్లి మార్చుకోండి."

ఆ గదిలో ఎవరికీ వాదించబుద్ధి అయ్యేది కాదు. రంగుటద్దాల్లోంచి ఎండ దిగి, నీలంగా ఎర్రగా నేల మీద పాకుతుండేది. పాత కాగితం వాసన, ఎక్కడో పావురాల గొణుగుడు. పెద్ద గొంతుతో వచ్చినవాడు కూడా రెండో అర దాటేసరికి గుసగుసల్లోకి దిగేవాడు. ఆ మసక వెలుగులో అత్తయ్య ఏదో పాట సన్నగా తీస్తూ అరల మధ్య తేలిపోయేది. చెయ్యి చాపితే ఏది అందితే అదే వాళ్ల రాత. అందుకే ఆవిడకు తారుమారు అత్తయ్య అని పేరు పడిపోయింది.

అందరూ నవ్వుకునేవారు గానీ, కళ్లజోళ్లాయనకు నవ్వే ఓపిక లేదు. బజారులో ఆయనది కళ్లద్దాల కొట్టు. ఊళ్లో సగం ముక్కుల మీద ఉన్నది ఆయన చేతిపనే. అంతమందికి చూపు ఇచ్చిన మనిషి వైపు కన్నకూతురే చూడడం మానేసింది. వానలు మొదలైనప్పటి నుంచి ఆ పదహారేళ్ల పిల్ల ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు.

తప్పు ఆయనదే. ఒక ఆదివారం ఆ పిల్ల, దేవుడు తనకు చేసిన మేలు గురించి తాను రాసుకున్న సాక్ష్యం చదవడానికి మొదటిసారి సంఘం ముందు నిలబడింది. సన్నటి గొంతు. కళ్లజోళ్లాయనకు పట్టరాని సంతోషం. ఒక్క అక్షరం కూడా వదులుకోకూడదని, ఆఖరి బల్ల మీంచి లేచి కేకేశాడు.

"గట్టిగా చదువమ్మా! వెనక్కి వినబడట్లేదు!"

సంఘమంతా గొల్లుమంది. పిల్ల కాగితం మడిచి, తలవంచుకుని దిగిపోయింది. ఆ రోజు నుంచి ఇంట్లో వ్యవహారమంతా వాళ్లమ్మ మీదుగా నడుస్తోంది.

"అమ్మా, ఉప్పు ఇటివ్వమను." ఉప్పు తండ్రి చేతిలోనే ఉండేది.

"ఇస్తున్నానని చెప్పు."

"మీ ఇద్దరి మధ్యా నేను టెలిఫోను తీగనైపోయాను," అని ఆవిడ తల పట్టుకునేది. "ఏవండీ, పొరపాటైందని ఒక్క మాటంటే నోట్లో ముత్యాలు రాలిపోతాయా?"

అనాలనే ఉంది ఆయనకు. మాట గొంతు దాకా వచ్చేది. రోజూ కూతురి గది గుమ్మం దాకా వెళ్లేవాడు, గొంతు సవరించుకునేవాడు, తీరా నోరు తెరిస్తే, "ఫ్యాను తిరుగుతోందా?" అని వచ్చేది. ఫ్యాను తిరుగుతూనే ఉండేది. ఆయన వెనక్కి తిరిగేవాడు.

చివరికి ఒక ఆదివారం, పుస్తకమైనా దారి చూపిస్తుందేమోనని మేడ మెట్లెక్కాడు. వరసలో ఆయన ముందు కూతురే నిలబడి ఉంది. బల్ల మీద ‘ఎదిగే పిల్లలున్న తండ్రులకు’ అనే పుస్తకం కళ్లెదుటే కనిపించింది. దేవుడు ప్రార్థన విన్నాడని ఆయన మనసు ఎగిరి గంతేసింది. అంతలో అత్తయ్య దాన్ని తీసి పిల్ల చేతిలో పెట్టింది. ఆయన చేతిలోకి గులాబీరంగు అట్టా, సీతాకోకచిలుక బొమ్మా ఉన్న పుస్తకం వచ్చింది. ‘పదహారేళ్ల అమ్మాయిలకు అనుదిన ధ్యానాలు.’

"అత్తయ్యగారూ, అది నాదండీ... ఇది..."

"ఇచ్చింది ఇచ్చిందే నాయనా. ఇంటికెళ్లి మార్చుకోండి."

మార్చుకోవాలంటే మాట్లాడాలి. అదే కదా వచ్చిన చిక్కు!

మర్నాడు మధ్యాహ్నం వాన కురుస్తోంది. కొట్లో బేరాల్లేవు. నాలుగు గోడల అద్దాల్లోనూ వాన వెలుతురు ఊగుతుంటే, కళ్లజోళ్లాయన అటూ ఇటూ చూసి సొరుగులోంచి గులాబీ పుస్తకం తీశాడు. "ఈ రోజు అద్దం ముందు నిలబడి, దేవుడు నన్ను అందంగా చేశాడు అని నీతో నువ్వు చెప్పుకో," అని ఉంది. తన కూతురు రోజూ చదవవలసిన మాటలు ఇవేనా అనుకుంటే ఆయనకు ఎందుకో గుండె బరువెక్కింది. పిల్ల పొద్దున్నే అద్దంలో ఏం చూసుకుంటుందో తనకు తెలియనే తెలియదు. లేచి, పెద్ద అద్దం ముందు నిలబడి, మీసం సర్దుకుని, "దేవుడు నన్ను అందంగా చేశాడు," అన్నాడు.

"ఎవరు కాదన్నారండీ?" అంది గుమ్మంలో ఒక గొంతు.

రిటైరైన లెక్కల మాస్టారు. చర్చి కమిటీ కార్యదర్శి. గొడుగు ముడుస్తూ లోపలికి వచ్చి, పుస్తకం అట్ట చూసి, నుదురు కొట్టుకున్నాడు.

"ఇదిగో, ఇందుకే వచ్చాను! నాకేమిచ్చిందో తెలుసా? ‘బాలింతలకు ప్రార్థనలు’! ఆవిడకి సైటు బాగా పెరిగిపోయిందండీ. కమిటీలో తేల్చేశాం. మీరు పరీక్ష చేసి అద్దాలివ్వండి. బాగుపడిందా, సరే. లేదా, గది తాళంచెవి నాకప్పగించాలి."

ఆ గది తప్ప అత్తయ్యకు వేరే లోకం లేదని ఇద్దరికీ తెలుసు. మాస్టారు ఆ మాట అనేటప్పుడు గొడుగు వైపే చూశాడు.

అత్తయ్య సాయంత్రం వచ్చింది. ఎత్తు కుర్చీలో కూర్చుని, కాళ్లు ఊపుకుంటూ, గోడ మీది అక్షరాల పట్టీ చదవడం మొదలుపెట్టింది. పెద్ద వరస చదివింది. చిన్న వరస చదివింది. అట్టడుగున చీమ తలకాయంత వరస చదివింది. దాని కింద అచ్చువేసినవాళ్ల చిరునామా చదివింది. అక్కడితో ఆగక, కిటికీలోంచి, వానలోంచి, ఎదుటి వీధిలోని దర్జీ కొట్టు బోర్డు కూడా చదివేసింది.

"నీ చొక్కా రెండో గుండీ ఊడబోతోంది నాయనా," అని ముగించింది.

కళ్లజోళ్లాయన చేతిలో అద్దం చేతిలోనే ఉండిపోయింది.

"అత్తయ్యగారూ! మీవి డేగకళ్లండీ!"

"మెల్లిగా అను. బయటికి వినబడుతుంది."

"మరి నా పుస్తకం..."

"మీ అమ్మాయి దగ్గరుంది. దాని పుస్తకం నీ దగ్గరుంది. ఇంకా మార్చుకోలేదూ?" అత్తయ్య నిట్టూర్చింది. "గంట తాత చూడు, మనవరాలి దగ్గరికి వెళ్లి నా పుస్తకం నాకివ్వవే అన్నాడట. ఇప్పుడా పిల్ల పెళ్లి కబుర్లన్నీ తాతకే చెబుతోంది. ఆ నాన్నమ్మా మనవడూ ఒకే ఏనుగుకి రంగులేసుకుంటున్నారు. ఎవరి పుస్తకం వాళ్లకిస్తే ఎవరి మూలన వాళ్లు చదువుకుని పడుకుంటారు నాయనా. అందుకు నేనెందుకు, అరలు చాలవూ?"

ఆ సాయంత్రం ఆయన గులాబీ పుస్తకంతో కూతురి గుమ్మంలో నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఫ్యాను..." అని నాలుక కరుచుకున్నాడు. "నీ పుస్తకం నా దగ్గరుండిపోయింది తల్లీ."

పిల్ల తలెత్తింది. "నీది నేను చదివేశాను," అంది. "ఇందులో ఒక పేజీ నువ్వు చదవాలి."

"కళ్లద్దాలు కొట్లో మర్చిపోయా. నువ్వే చదివిపెట్టు."

అద్దాలు ఆయన నుదుటి మీదే ఉన్నాయి. పిల్ల వాటిని చూసి, ఆ పేజీ తెరిచింది. ఆ సన్నటి గొంతుతోనే మొదలుపెట్టింది.

"పిల్లలు మెల్లిగా మాట్లాడుతుంటే గొంతు పెంచమనకండి. మీరు దగ్గరికి జరగండి."

కళ్లజోళ్లాయన వచ్చి కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు. బయట వాన మెత్తగా పడుతోంది.

"ఆ రోజు పొరపాటైంది తల్లీ. నీ మాట ఒక్కటీ పోనివ్వకూడదనుకున్నా. అన్నీ పోగొట్టుకున్నా."

పిల్ల పేజీ తిప్పింది.

"వినబడుతోందా నాన్నా?"

"వినబడుతోంది. చదువు."

కాసేపటికి ఆమె అడిగింది, "నాదాన్లో ఏముంది?" ఆయన అద్దం సంగతీ, మీసం సర్దుకున్న సంగతీ, మాస్టారి సంగతీ చెప్పాడు. పిల్ల పొట్ట పట్టుకుని నవ్వింది. వంటింట్లోంచి వాళ్లమ్మ పరుగెత్తుకొచ్చింది.

"ఏంటీ, నాతో చెప్పకుండానే మాట్లాడేసుకుంటున్నారా?"

ఆదివారం కళ్లజోళ్లాయన మేడ మీదికి మెరిసిపోయే చట్రంతో కొత్త కళ్లజోడు తెచ్చాడు. అందులో పవర్ సున్నా, వట్టి గాజు. దేవుడి ఇంట్లో అబద్ధమాడకూడదు కదా, ఆచితూచి మాట్లాడాడు.

"అద్దాలు పెట్టేశానండీ మాస్టారూ. ఇక అత్తయ్యగారి చూపుకి ఢోకా లేదు."

"చూద్దాం, చూద్దాం," అని మాస్టారు వరసలో మొదట నిలబడ్డాడు. అత్తయ్య కొత్త అద్దాలు పెట్టుకుని, "అబ్బ, ఎంత తేటగా ఉందో!" అని మురిసిపోయి, అరల మధ్య తేలివెళ్లి, ఒక పుస్తకం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ‘బిడ్డకు పళ్లొచ్చే వేళ.’ మెట్ల దగ్గర పసిబిడ్డను ఎత్తుకుని నిలబడ్డ ఆయన కోడలి చేతిలో అప్పటికే ‘పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులకు’ ఉంది.

"ఏంటండీ ఇది?" అని మాస్టారు గిర్రున తిరిగాడు.

కళ్లజోళ్లాయన ఫ్యాను వైపు చూస్తూ గొణిగాడు. "కొత్త అద్దాలు కదండీ... కాస్త అలవాటు పడాలి..."

అప్పుడు గది చివర్నుంచి, ఆఖరి అర దగ్గర నిలబడి, ఆయన కూతురు కేకేసింది.

"గట్టిగా చెప్పు నాన్నా! వెనక్కి వినబడట్లేదు!"

గదంతా గొల్లుమంది. పావురాలు లేచిపోయాయి. అందరికన్నా గట్టిగా నవ్వింది కళ్లజోళ్లాయనే. అత్తయ్య మాత్రం కొత్త అద్దాలను ముక్కు చివరికి జరుపుకుని, వాటి పైనుంచి చూస్తూ, తరవాతి మనిషికి పుస్తకం వెతకసాగింది.