లాంగ్‌జంప్‌కి పెళ్లి వీడియో

నిన్న గ్రౌండ్‌లో కోచ్ మా అమ్మాయి దూకడాన్ని ఫోన్‌లో నెమ్మదిగా తిప్పి చూపిస్తుంటే, పాత అలవాటు కొద్దీ నా గుండె ఆగినంత పనైంది.

నా చిన్నప్పుడు, సాఫ్ట్‌వేర్ పెళ్లికొడుకులు బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌కొచ్చే టమాటాల్లా లారీల కొద్దీ దిగేవారు. వాళ్ల పెళ్లిళ్లకు వీడియోలు తీసేది మా పక్కింటి యాదగిరన్నే. నేనేమో లాంగ్‌జంప్‌లో ప్రతిసారీ గీత తొక్కేదాన్ని.

"రేపు సుత ఫౌలైతే టీమ్‌లకెళ్లి పేరు తీసేస్త," అన్నారు పీటీ సార్.

"పరేషాన్ గాకు చెల్లె, వీడియో తీసి చూద్దాం," అంటూ యాదగిరన్న పెళ్లి కెమెరాతో గ్రౌండ్‌కొచ్చాడు.

పెళ్లి వీడియోలకు కలిపే హంగులన్నీ దీనికీ కలిపి, సాయంత్రం వాళ్ల టీవీలో వేశాడు. సన్నాయి మోగింది. నా మీద గులాబీ రేకులు రాలాయి. వాటి మధ్య నేను నిండు చూలాలైన ఏనుగులా కాలెత్తి, దించడానికి ముహూర్తం కోసం చూస్తున్నాను. నేనింత మెల్లగా పరిగెడతానా! బావురుమన్నాను.

"ఏందే గిట్ల ఏడుస్తవ్? ఇది స్లో మోషన్! పెళ్లికొడుకు నిజంగ గింత మెల్లగ తాళి గడితే పంతులు పారిపోడా?"

మామూలుగా వేశాడు. చిరుతపులినే! ప్రాణం లేచొచ్చింది. మళ్లీ మెల్లగా వేస్తే అప్పుడు కనబడింది: గీత దగ్గరికి రాగానే కళ్లు మూసుకుంటున్నాను.

"అన్నా, కళ్లు మూసేస్తున్నా!"

"పెళ్లికూతుళ్లు సుత గంతే చెల్లె."

మర్నాడు కళ్లు పత్తికాయల్లా తెరిచి దూకాను. గీత తొక్కలేదు, పేరు పోలేదు.

నిన్న మా అమ్మాయి ఏడవనే లేదు. తప్పేదో చూసుకుని మళ్లీ దూకడానికి వెళ్లింది. హమ్మయ్య అనుకున్నాను. కానీ పూలు రాలలేదు, సన్నాయి లేదు. పిల్లకు ఏదో తక్కువ చేసినట్టే అనిపించింది.