గోడవైపు తిప్పిన ఇంజను

మొన్న ఆదివారం హైదరాబాదు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. కుర్రాడంటే నలభై దాటి ఉంటాయి, నా వయసుకు అందరూ కుర్రాళ్ళే. పాత ఇంజన్లు కొని, బాగుచేసి, అద్దాల గదుల్లో పెట్టి చూపించడం అతని పనట. మా హాల్లో నల్లరాతి దిమ్మ మీద ఒక ఇంజను ఉందని ఎవరో చెబితే వెతుక్కుంటూ వచ్చాడు. చెప్పులు బయట విప్పి, దాని ముందు గొంతుక్కూర్చుని, జేబులోంచి చిన్న టార్చి తీసి, డాక్టరు నాలిక చూసినట్టు చూశాడు. "అమ్మా, ట్యాంకు, కార్బొరేటరు, ఇత్తడి పలక, ఆఖరికి బోల్టులు కూడా ఆ కాలంవే. ఇంత కరెక్టుగా కూర్చిన ఇంజను నేనెక్కడా చూళ్ళేదు. చేయించినాయన ఎవరోగానీ మహానుభావుడు" అన్నాడు. ఆ మహానుభావుడు మా మామగారే. గోడమీద దండ వేసిన ఫోటోలో ఉన్నాడు. ఈ పొగడ్త విని ఉంటే మీసం మీద చెయ్యి వేసుకుని, "అబ్బాయికి మజ్జిగ ఇవ్వండి" అని ఉండేవాడు. ఆయన ఎవరి పీక నొక్కినా ముందు మజ్జిగ ఇప్పించేవాడు.

నేను నడికుడి పిల్లను. మా నాన్న రైల్వేలో పనిచేసేవాడు కాబట్టి ఇంజన్ల రొద నాకు జోలపాట. గురజాల అవతల ఉన్న ఈ ఊరికి ఎనభైల మొదట్లో కోడలిగా వచ్చాను. వచ్చిన మర్నాడే ఈ ఇంటి పురాణం చెప్పారు. మామగారి తండ్రి ఒకేసారి రెండు నీళ్ళ ఇంజన్లు కొని, మా నడికుడి స్టేషనులోనే దింపుకుని ఎడ్లబండ్ల మీద తెచ్చాడట. ఊరికి అవే మొదటి ఇంజన్లు. పెట్రోలుతో మొదలై కిరసనాయిలుతో నడిచేవి. వాటిని చల్లబరచడానికి నీళ్ళతొట్టి అక్కర్లేదు. సిలిండరు చుట్టూ పల్చటి పోతయినుము రెక్కలు వరసగా ఉంటాయి, వాటి మధ్యనుంచి గాలి పోయి వేడిని లాగేస్తుంది. పంపకాల్లో అన్నదమ్ములకు చెరొకటి వచ్చింది. అన్న మా మామగారు. ఆయన చేలోకి కరెంటు మోటారు రాగానే తన ఇంజన్ని పశువుల కొట్టంలో పడేశాడు. దానికి గేదెను కట్టేసేవాళ్ళు. గేదె తలతో పొడిచి పొడిచి సగం రెక్కలు విరగ్గొట్టింది. తండ్రి తెచ్చిన వస్తువు మీద ఆయనకు అప్పటి భక్తి అంతే.

నేను కాపురానికి రాకముందే తమ్ముడు పోయాడు. ఆయన భార్య మా చిన్నత్తయ్య. పిల్లల్లేరు. ఆవిడ వాటా చేను మెరక మీద ఉంది. సాగరు కాలవ అక్కడికి ఎక్కదు, కరెంటు తీగ మామగారి చేనిదాకా వచ్చి ఆగిపోయింది. అయినా ఆవిడ ఆ రెండో ఇంజన్ని బావి మీద పెట్టుకుని మిరప పండించేది. పొద్దున్నే కొంగు బిగించి, హ్యాండిలు పెట్టి తనే తిప్పేది. మగాళ్ళు నవ్వేవాళ్ళు. ఇంజను అందుకోగానే నవ్వు వినపడేది కాదు. "చేను కౌలుకివ్వు, కూర్చుని తిను" అని మామగారు ఏటా కబురు పంపేవాడు. "కూర్చోబెట్టి తినిపించేవాళ్ళు రేపు లెగమంటే ఎక్కడికి పోనే? ఒక్క యేడు పంట తప్పితే చాలు, ఆ చేను నా చేతిలో ఉండదు" అనేది నాతో. ఆవిడకు నేనంటే ఇష్టం. ఇంజను చప్పుడు తేడాగా ఉంటే నేను కనిపెట్టేదాన్ని, అందుకు.

అలా ఉండగా మామగారు కొత్త దాబా కట్టించాడు. మాచర్ల నాపరాళ్ళు పరిపించాడు, గోడలకు డిస్టెంపరు వేయించాడు. అంతా అయ్యాక హాలు బోసిగా ఉందనిపించింది. పెట్టెలోంచి తండ్రి పాత ఫోటో ఒకటి తీశాడు. తలపాగా కట్టిన పెద్దాయన కొత్త ఇంజను మీద చెయ్యేసి నిలబడి ఉన్నాడు. ఇంకేం, తండ్రి తద్దినం నాటికి ఆ ఇంజను అచ్చం ఫోటోలో ఉన్నట్టే హాల్లో ఉండాలన్నాడు. దుర్గి శిల్పుల చేత తామరరేకుల దిమ్మ చెక్కించాడు. నరసరావుపేట నుంచి మేస్త్రీని రప్పించి, భూతద్దంతో ఫోటో చూస్తూ పక్కన కూర్చున్నాడు. కొత్త బోల్టు కనపడితే విప్పించేవాడు. "ఇది మా నాయన కాలంది కాదు" అనేవాడు. దొరకనివాటికి తమ్ముడి ఇంజను ఉండనే ఉంది. ముందు దాని మీది కంపెనీ పేరున్న ఇత్తడి పలక పోయింది, తర్వాత ట్యాంకు. చిన్నత్తయ్య డబ్బా ఒకటి తీగతో కట్టుకుని నడుపుకుంది. పలక లేకపోతే నీళ్ళు రావా ఏంది అని నవ్వింది కూడా. చివరికి సిలిండరు దగ్గర ఆగింది పని. రెక్కలన్నీ నిండుగా ఉన్న సిలిండరు ఆవిడ బావి మీద తప్ప ఇంకెక్కడా లేదు.

అప్పటికి మిరప పూతా పిందె మీద ఉంది. చిన్నత్తయ్య మా వంటింటి దొడ్డివైపు వచ్చి, "రెండు తడులు పెట్టుకోనియ్యమనవే. తర్వాత సిలిండరే కాదు, నన్ను కూడా తీసకపోయి దిమ్మ మీద నిలబెట్టుకోమను" అంది. మామగారికి అన్నం వడ్డిస్తూ మొదటి మాట చెప్పాను, రెండోది మింగేసి. "ఆమె మాట నీ నోటినుంచి ఎందుకు? నేనే పోయి పద్ధతి ప్రకారం అడుగుతా" అన్నాడు.

ఆ పద్ధతి ఏమిటో చెప్పాలి. ఈ ఇళ్ళలో మరదలు బావగారి ఎదటపడదు, ఆయనతో మాట్లాడదు. ఆయన అరుగు మీద కూర్చుని అడుగుతాడు, ఆవిడ తలుపు వెనక నిలబడి వింటుంది. ఇష్టం లేకపోతే గాజులు చప్పుడు చేస్తుంది. చప్పుడు లేకపోతే ఒప్పుకున్నట్టు. గొడవలు లేకుండా ఎంత అందంగా జరిగిపోయేవో అని మా అత్తగారు మురిసిపోయేది. మామగారు మేస్త్రీని, పానాల సంచిని వెంటేసుకుని బయల్దేరాడు. ఆడదిక్కు లేకుండా విధవరాలి గడప తొక్కకూడదని నన్నూ రమ్మన్నాడు. అరుగు మీద ఆయన పక్కగా నిలబడ్డాను. తలుపు దగ్గరికి వేసి ఉంది.

"అమ్మాయ్, నాయన వస్తువు. నాయన తద్దినానికే అడుగుతున్నా. నీ ఇంజను ఆగదు, నా సిలిండరు దానికి బిగించి ఇస్తాడు మేస్త్రీ. ఇష్టం లేకపోతే గాజులు చప్పుడు చెయ్. ఇప్పుడే లేచి పోతా."

ఆవిడ చేతులకు గాజులు ఎక్కడివి? మొగుడు పోయిన పదోనాడు పగలగొట్టింది ఈ పెద్దలే కదా. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంతలో తలుపు గొలుసు టకటకా కొట్టుకుంది. మళ్ళీ కొట్టుకుంది. "మామయ్యా, చిన్నత్తయ్య గొలుసు కొడతా ఉంది" అన్నాను. ఆయన నావైపు చూడలేదు. "గాలికి ఊగి ఉంటది. గాజులైతే వినపడలా" అని లేచి, మేస్త్రీతో "పదరా బావి కాడికి" అన్నాడు.

రెక్కలు విరిగిన సిలిండరు వేడెక్కుద్దయ్యా అని మేస్త్రీ దారిలో గొణిగాడు. చేసే పని మాత్రం చేశాడు. ఆ గేదె పొడిచిన సిలిండరుతో ఇంజను ఒక తడి సగందాకా నడిచింది. తర్వాత లోపల పిస్టను పట్టేసింది. మా పెరట్లోకి వినపడే చప్పుడు గొంతు పట్టుకున్నట్టు ఆగిపోయింది. చిన్నత్తయ్య కడవతో బావినుంచి తోడి పోసింది. మిరపచేను కడవలతో తడిసేదా? పూత రాలింది, పిందె ముడుచుకుంది. నిలబడ్డ కొద్ది కాయా తెల్లబారి తాలుకాయ అయింది. చేను కొట్టెయ్యడానికే మామగారు ఇదంతా చేశాడని అనుకోగలిగితే నాకు సుఖంగా ఉండేది. దొంగని తిట్టుకోవచ్చు. ఆయన అసలు చేను గురించి ఆలోచించనే లేదు. ఫోటోలో రెక్కలు నిండుగా ఉన్నాయి, అంతే.

తద్దినం రోజు చుట్టాలూ ఊరిపెద్దలూ హాలు నిండారు. ఇంజను పచ్చరంగుతో, ఇత్తడి పలకతో పెళ్ళికొడుకులా ఉంది. దిమ్మ అంచున హ్యాండిలు కూడా ఫోటోలో ఉన్నట్టే ఆనించి పెట్టాడు. విస్తళ్ళు వేస్తుండగా చిన్నత్తయ్య వీధి గుమ్మంలోంచి, మగాళ్ళ మధ్యనుంచి నడిచి లోపలికి వచ్చింది. మామగారి మొహం ఆవిడ నేరుగా చూడటం అదే మొదటిసారి. ఎవరికీ ఏమీ తోచకముందే హ్యాండిలు తీసుకుని సిలిండరు మీద ఒక్క దెబ్బ వేసింది. గుడిగంట కొట్టినట్టు హాలంతా మోగింది. ఒక రెక్క విరిగి నాపరాళ్ళ మీద దొర్లుకుంటూ నా కాళ్ళ దగ్గరికి వచ్చి పడింది.

"ఇప్పుడన్నా వినపడిందా బావగారూ?" అంది.

మామగారు కళ్ళు కూడా ఆర్పలేదు. "ఒరేయ్, మరదలికి ఒక విస్తరి వెయ్యండిరా" అన్నాడు. ఎంత గొప్ప గుండె అని ఒక పెద్దమనిషి అక్కడే అన్నాడు. ఆవిడ హ్యాండిలు తీసిన చోటే ఆనించి పెట్టి, తినకుండా వెళ్ళిపోయింది. తద్దినం భోజనం కాదని పోయిందని ఊరంతా ఆవిడనే తిట్టింది. ఆ సాయంత్రమే మామగారు నలుగురు మనుషుల్ని పిలిచి ఇంజన్ని విరిగినవైపు గోడకు తిప్పించాడు.

మరుసటి యేడు చేను మామగారి కౌలుకే వచ్చింది. మిరపకోతకు వచ్చిన కూలీల్లో చిన్నత్తయ్య కూడా ఉంది, తన చేలోనే, కిందటేడు కడవ మోసిన దూరమే ఇప్పుడు బస్తా మోస్తూ. రెండు కోతలు చూసి, ఈపూరులో అన్నదమ్ముల ఇంటికి వెళ్ళిపోయింది. ఆవిడ చనిపోయిన సంగతి దినకార్యం అయిపోయాక గాని మాకు తెలియలేదు. మామగారు "పాపం" అని, తలమీద నీళ్ళు పోసుకుని, అన్నానికి కూర్చున్నాడు.

హైదరాబాదు కుర్రాడు గోడకూ ఇంజనుకూ మధ్య టార్చి వేసి, చెయ్యి దూర్చి, విరిగినచోట వేలు పెట్టి, "అయ్యో, ఇదొక్కటే లోపం. ముక్క గనక ఉంటే అతికించి, ఆకురాయి పట్టించి తేడా తెలియకుండా చేస్తానమ్మా. ఉందా?" అన్నాడు. లేదు బాబూ అన్నాను. నా బీరువాలో, పట్టుచీరల కింద, ఇన్నేళ్ళూ నూనెగుడ్డలో చుట్టి తుప్పు పట్టకుండా దాచాను దాన్ని. ఇంజను తీసుకెళ్ళు, విరిగినవైపు జనం చూసేలా పెడతానని మాటిస్తేనే అన్నాను. తలూపాడు గాని, అతనికి అర్థం కాలేదు. కాలం ఎంత ఘోరాన్నయినా పాతవస్తువుగా మార్చి దిమ్మెక్కించి దణ్ణం పెట్టిస్తుంది. ఆ తలుపు గొలుసు చప్పుడొక్కటి మాత్రం నాకింకా పాతబడలేదు.